కాటా పక్కకు దిగిన కాఫీ పొయ్యి

లీటా క్రౌలీ అంటే మా రేవులో ఎవరికీ పెద్దగా ప్రేమ లేదు. ఆవిడ నోరు అలాంటిది. అయినా అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు తీరంలో మా చిన్న రేవు ఇవాళ కళకళలాడుతోందంటే అది ఆవిడ చలవే.

తాతల నాటి నుంచీ మాకో కట్టుబాటు ఉంది. సముద్రంలో దించిన బోనులో, పొట్ట కింద గుడ్లతో ఉన్న ఆడ లాబ్‌స్టర్, అదే పెద్ద గోళ్ల రొయ్య, పడితే తోకకు కత్తితో గాటు పెట్టి నీళ్లలో వదిలేయాలి. ఆ గాటు అది తల్లి అని గుర్తు; దాన్ని ఆ తర్వాత ఎవరూ అమ్మకూడదు.

మా సరుకు కొనే కొత్త బేరగాడు వచ్చాక అది సడలింది. అతను రేవు షెడ్డు తలుపు మూసి తూచేవాడు, పొట్ట కింద పరీక్షగా చూసేవాడు కాదు. దాంతో మావాళ్లు పడవలోనే గుడ్లను బ్రష్‌తో గీకేసి అమ్మకానికి తేవడం మొదలుపెట్టారు. అందరికన్నా ముందు లీటా తమ్ముడు హార్లన్. ఏటికేడు బోన్లు తేలికవుతుంటే ఆవిడ తమ్ముణ్ని నిలదీసింది.

"సిగ్గు లేదట్రా? నాన్న ఉంటే నీ చేతులు విరిచేవాడు."

"నాన్న కాలం వేరక్కా. సముద్రంలో గుడ్లకేం కరువు? అయినా నేను వదిలింది పక్కోడు గీకి అమ్ముకుంటాడు. నేనొక్కణ్నే వెర్రివాణ్నా?"

ఆ మాట లీటాకు గుచ్చుకుంది. అందులో అబద్ధం లేదు మరి. ఆ రోజు నుంచి నీతులు చెప్పడం మానేసింది. అక్టోబరు చలి రాగానే, మేం ఒడ్డుకొచ్చి కాఫీ తాగే మేడగదిలోంచి ఇనప పొయ్యినీ బల్లల్నీ దింపించి, షెడ్డులో కాటా పక్కనే వేయించింది. షెడ్డు మా జాలర్ల సంఘానిది, బేరగాడు నోరెత్తలేకపోయాడు.

"ఇక్కడెందుకక్కా ఈ సంత?" అన్నాడు హార్లన్, బుట్ట దించకుండా.

"చలిరా నాయనా. దించు, చూద్దాం."

కప్పులు పట్టుకుని చుట్టూ మేమంతా ఉన్నాం. గీకిన పొట్టను మేం ఇట్టే పట్టేస్తాం. ఎవరూ తిట్టలేదు. ముసలి ఎల్వుడ్ మాత్రం ఒకదాన్ని తిరగేసి, "పాపం, దీనికి గడ్డం ఎవరు గీశారో!" అన్నాడు. షెడ్డంతా పగలబడి నవ్వింది. హార్లన్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ వారంలోనే బ్రష్‌లన్నీ పడవలు దిగిపోయాయి.

కొన్నేళ్లకు బోన్లు మళ్లీ బరువెక్కాయి. మొన్న హార్లన్ పడవ రేడియోలో ఒకటే కేకలు: "అక్కా! బోను నిండా గాటున్న తల్లులే! లాగలేక చస్తున్నా!" పడవ పడవా హారన్ కొట్టింది. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర, రేవుకు కొత్తగా వచ్చినాయనకు హార్లన్ పాఠం చెబుతున్నాడు: "మా వంశంలో గుడ్లున్నదాన్ని ముట్టినవాడు లేడండీ. అది మా రక్తంలోనే ఉంది."

ఇప్పుడు లీటా నోరు విప్పుతుంది చూడు అనుకున్నాను. ఆవిడ తమ్ముడి కప్పు నిండా కాఫీ పోసి, "కాదనేదెవర్రా?" అంది.