ఇంజన్ల వకీలమ్మ

వకీలమ్మ లెక్కలో ఈ భూమ్మీద ఏ ఇంజనూ ఇంతవరకు తప్పు చెయ్యలేదు. చేసిందంతా మనుషులే. రేవు చివర రేకుల షెడ్డులో పడవ ఇంజన్లు బాగుచేసే ఆ మనిషి కోర్టు గుమ్మం ఎన్నడూ తొక్కలేదు. అయినా ఇంజన్ల తరఫున ఆమె వాదించే తీరు చూసి రేవంతా కలిసి ఆ పేరు పెట్టేసింది. పడవ పొగ వదులుతోందని ఎవరొచ్చినా పానా ముట్టుకునేది కాదు. వచ్చినవాణ్ని ఎదురుగా నిలబెట్టి, "నువ్వేం చేశావు దాన్ని?" అని మొదలుపెట్టేది.

ఈ విచారణలన్నీ దగ్గరుండి చూసి, అందరికంటే ఎక్కువ నవ్వుకున్నవాడు లాంచీ సరంగు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు జనాన్ని దాటించడం అతని పని. వకీలమ్మ అంటే అతనికి గౌరవం, దానికి తోడు కాస్త దడ.

ఒకసారి చేపల పడవవాడు వచ్చి ఇంజను నల్లపొగ కక్కుతోందని, ముసలిదైపోయిందని, ఇక తుక్కుకు వెయ్యడమేనని వాపోయాడు. వకీలమ్మ ఇంజను మూత కూడా తియ్యలేదు. వాణ్నే నీళ్లలోకి దిగి పడవ కింద తడిమి చూడమంది. పంకా నిండా చిరిగిన వల చుట్టుకుని ఉంది.

"నీ కాళ్లకు వల చుట్టి పరిగెత్తమంటే నీ మొహమూ నల్లబడుతుంది," అంది. వాడు మెడలోతు నీళ్లలోంచే తప్పు ఒప్పుకున్నాడు.

ఇంకొకాయన పడవ తెల్లపొగ వదులుతుంటే, డీజిలు డబ్బాకు మూత పెట్టావా అని అడిగింది. పెట్టలేదు. రాత్రి కురిసిన వానంతా అందులోనే ఉంది. నీ టీలో దోసెడు వాననీళ్లు పోసి తాగిస్తే తెలుస్తుందని చెప్పి, ఆయనచేతనే ట్యాంకు కడిగించింది.

ఇంట్లోనూ అదే వరస. అన్నం మాడితే తప్పు గిన్నెది కాదు, వండిన మొగుడిది. తలుపు కిర్రుమంటే తోసినవాడిది. పాపం ఆయన పెళ్లినాడే అన్ని కేసుల్లోనూ నేరం ఒప్పేసుకున్నట్టు నవ్వుతూ తిరిగేవాడు.

ఇంతలో సరంగు వంతు వచ్చింది. ఒక పొద్దున లాంచీ గుప్పుగుప్పున నీలం పొగ వదిలింది. జనం దగ్గుకుంటూ దిగిపోయారు. ఇంజను పాడుచేసినవాడు మళ్లీ లాంచీ ఎక్కక్కర్లేదని యజమాని ఎప్పుడో చెప్పేశాడు. ఆయనకు కబురు వెళ్లిపోయింది కూడా.

వకీలమ్మ వచ్చి, ఆయిలు మట్టం చూసే కడ్డీ లాగి, తుడిచి, ముంచి తీసి సరంగు చేతికిచ్చింది. ఎంతుందో చెప్పమంది. ఏటి అవతల నిలబడ్డవాడి చొక్కా గుండీలు లెక్కపెట్టగల సరంగుకు ఈమధ్య చేతిలో ఉన్నది మాత్రం అలుక్కుపోతోంది. కడ్డీని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, చెయ్యి చాపి చూశాడు. చెయ్యి ఇంకో మూర పొడుగుంటే చదివేసేవాడే.

"సరిగ్గానే ఉంది," అన్నాడు కడ్డీ తిరిగిచ్చేస్తూ.

ఆయిలు కడ్డీ మీది గీతకు చాలా పైన ఉంది. గీత కనబడక, ఎందుకైనా మంచిదని రోజూ కాస్త ఒంపుతూ వచ్చాడు. ఎక్కువైన ఆయిలు పైకెగజిమ్మి డీజిలుతో పాటే కాలుతోంది. వకీలమ్మకు అంతా అర్థమైంది. నడుం మీద చెయ్యి వేసుకుని వాదన మొదలెట్టబోయింది. అప్పుడే యజమాని గట్టు నుంచి వేసిన పలక మీదుగా లాంచీలోకి దిగాడు.

తప్పు ఎవరిదని ఆయన అడిగాడు. రేవంతా మూగింది. సరంగు తలొంచుకున్నాడు. నోరు తెరిస్తే కళ్లద్దాలు కావాల్సొచ్చిన సంగతి, ఆ వెనకే వయసు సంగతి బయటపడుతుందని అతని బెంగ.

వకీలమ్మ ఒకసారి అతన్ని చూసింది, ఒకసారి ఇంజన్ను చూసింది.

"ఇంజనుదే," అంది.

టీ కొట్టువాడు గ్లాసు నిండి పొర్లుతున్నా పోస్తూనే ఉన్నాడు. యజమాని మాత్రం వెంటనే నమ్మేశాడు. పుట్టి బుద్ధెరిగాక ఇంజన్ని పల్లెత్తు మాట అనని మనిషి అంటోందంటే నిజం కాక ఏమవుతుంది? అలాగైతే కొత్తది వేయించేద్దామా అన్నాడు. ఆ మాటకు వకీలమ్మకు పొరబోయింది. అంత పెద్ద తప్పు కాదని, ఏదో ఒక పూట మొండికేసిందని, మధ్యాహ్నానికల్లా దారికి తెస్తానని గబగబా చెప్పి ఆయన్ని సాగనంపింది.

ఎక్కువైన ఆయిలు తోడేసి ఇంజను నడిపితే కాసేపటికి పొగ పలచబడి పోయింది. తర్వాత ఆకురాయితో కడ్డీ మీద గీత ఉన్నచోట గాటు పెట్టింది. గాటు గోటికి తగులుతుంది, దానికి పైన వేలికి జిడ్డు అంటకూడదని సరంగుకు చూపించింది. కళ్లద్దాలు పెట్టుకుంటే మనిషి ముసలాడు కాడని, పెట్టుకోకపోతే ఇంజను ముసలిదవుతుందని హెచ్చరించింది.

"నా కోసం ఎందుకమ్మా అబద్ధమాడావు?" అన్నాడు సరంగు.

"దానికి నోరు లేదని దాని తరఫున మాట్లాడతాను. ఇవాళ నీ నోరూ పడిపోయిందిగా, అన్నా."

చేతులు తుడుచుకుని ఆమె ఇంజను మీద చెయ్యి వేసింది. "ఏమనుకోకు తల్లీ. తప్పు నీ మీద వేస్తే నిన్నెవరూ ఇంటికి పంపరు," అని బుజ్జగించింది.

తర్వాత సరంగుచేత కూడా క్షమాపణ చెప్పించింది. చెప్పేదాకా లాంచీ కదలనివ్వలేదు.