నెలాఖరు కేసు కన్నప్ప

కన్నప్ప జీవితంలో ఒక్క చుక్క సారాయి తాగలేదు. ఈ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. ఎదురుగా ఉన్న పోలీస్ స్టేషన్‌లో ఇంకా బాగా తెలుసు. అయినా తాగి రోడ్డు మీద గలాటా చేశాడని కోర్టులో కన్నప్ప మీద పడినన్ని కేసులు మా తాలూకాలో ఇంకెవరి మీదా పడి ఉండవు.

ఏ స్టేషనో చెప్పను. తమిళనాడులో గుడియాత్తం చుట్టుపక్కలదే అనుకోండి. దాని ఎదుట మాకు టిఫిన్ కొట్టు ఉంది. కన్నప్ప మా కొట్లో పిండి రుబ్బుతాడు, చట్నీకి కొబ్బరి కోరుతాడు, స్టేషన్‌కి టీలు తీసుకుపోతాడు. అంతకుముందు లుంగీలు నేసేవాడు. ఇంట్లో ఒక మగ్గం, వాళ్ళమ్మ, అంతే. ఆమెకు పక్షవాతం వచ్చి మంచాన పడితే పెళ్ళి మాట పక్కన పెట్టి ఆమెకు చాకిరీ చేశాడు. ఆమె పోయేసరికి ఇతని తల నెరిసింది. చేమగ్గం లుంగీలు అడిగేవాళ్ళూ తగ్గిపోయారు. మగ్గం విప్పి అమ్మేశాక ఉండే ఆ ఒక్క గదీ మరీ పెద్దదైపోయిందనేవాడు. మగ్గం ఉన్నప్పుడు చప్పుడన్నా ఉండేది కదా.

మా కొట్టు పొద్దున పూట మాత్రమే. మధ్యాహ్నానికి గిన్నెలు కడిగి బోర్లించి ఎవరిళ్ళకు వాళ్ళం పోతాం. ఒకసారి అడిగాను.

"గదికి పోయి ఏం చేస్తావప్పా అంతసేపు?"

"పడుకుంటానక్కా. నిద్ర రాకపోతే లేచి కూచ్చుంటా. కూచోలేకపోతే మళ్ళా పడుకుంటా."

నవ్వుతూనే చెప్పాడు. నేనూ నవ్వాను.

ఇక పోలీసు సంగతి. ప్రతి నెలా వేలూరులో పెద్ద ఆఫీసర్ల ముందు క్రైమ్ మీటింగ్ జరుగుతుంది. స్టేషన్ల ఇన్‌స్పెక్టర్లందరూ ఆ నెల చేసిన పనంతా అక్కడ అప్పజెప్పాలి. ఎన్ని దొంగతనాలు జరిగాయి, ఎంతమందిని పట్టారు, ఎన్ని బండ్లు ఆపి చూశారు, కొండల పక్కనుంచి వచ్చే సారాయి ఎంత పారబోశారు, తాగి గలాటా చేసినవాళ్ళు ఎంతమంది, అన్నీ. మాది చిన్న స్టేషన్. గంగమ్మ సిరసు జాతర జరిగే నెలలో జనం ఒకరి మీద ఒకరు పడతారు కాబట్టి కేసులకు కరువుండదు. మిగతా నెలల్లో ఊరు పాపం ఒద్దికగా ఉంటుంది. ఊరు ఒద్దికగా ఉంటే పోలీసుల్ని మెచ్చుకోవాలి కదా? లేదు. లెక్క తగ్గితే పని చెయ్యలేదని తిడతారు.

స్టేషన్‌లో ఈ రాతకోతలన్నీ చూసే హెడ్ కానిస్టేబుల్ లోగనాథన్. ఇంట్లో తమిళం, మాతో తెలుగు. మనిషి చెడ్డవాడు కాదు. ఒక నెలాఖరున మా కొట్టుకు వచ్చి కన్నప్పను పక్కకు పిలిచాడు.

"కన్నప్పా, ఒక ఉపకారం చెయ్యాల. పెట్టీ కేసుకు ఒక్క పేరు తక్కువ పడతా ఉండాది."

"నేనేం చెయ్యాల సార్?"

"ఏమీ చెయ్యబళ్ళేదు. తాగి గలాటా చేసినావని రాసుకుంటా. కోర్టుకు వచ్చి ఒప్పుకుంటానని చెప్తే సాలు. ఫైను మేమే కట్టుకుంటాం."

"నేను తాగనే సార్."

"తాగేవాళ్ళయితే ఒప్పుకోరప్పా! కోర్టులో ఇంకో గలాటా చేస్తారు."

అట్లా మొదలైంది. ఆ తర్వాత పేరు తక్కువ పడిన ప్రతి నెలా కన్నప్పే. ఆ రోజు మాకు ముందే తెలిసిపోయేది. పొద్దున్నే తలంటుకుని, నూనె రాసి దువ్వుకుని, ఉన్నదాంట్లో మంచి చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చేవాడు. లోగనాథన్ తల కొట్టుకునేవాడు.

"పెళ్ళికి పోతా ఉండామాప్పా మనం? ఇంత సోకు చేసుకోనొస్తే తాగుబోతని ఎవడు నమ్ముతాడు? ఒక గుండీ అన్నా ఊడదీసుకో."

ఇద్దరూ షేర్ ఆటోలో పోయేవాళ్ళు. కోర్టు వరండాలో కూర్చునేవాళ్ళు. పేరు పిలిస్తే కన్నప్ప లోపలికి పోయి చేతులు కట్టుకుని "ఒప్పుకుంటానయ్యా" అనేవాడు. ఆ తర్వాత లోగనాథన్ హోటల్‌కు తీసుకుపోయి పొంగలి తినిపించేవాడు. ఎదురుగా కూర్చుని వాళ్ళావిడ మోకాళ్ళ నొప్పి గురించి, కాలేజీకి పోయే కూతురి గురించి చెప్పేవాడు. ఆ మాటలన్నీ మోసుకొచ్చి కన్నప్ప నెలంతా మాకు చెప్పేవాడు. లోగనాథన్ భార్య ఏ తైలం రాసుకుంటుందో నాకు ఈరోజుకీ తెలుసు.

"కేసు పడిందని ఇంత సంబరమా నీకు?" అని ఒకసారి ఎగతాళి చేశాను.

"ఆడ నా పేరు గట్టిగా పిలుస్తారక్కా," అన్నాడు. "పలకకపోతే మళ్ళా పిలుస్తారు. యాడ పోయినాడా అని తిరిగి చూస్తారు."

ఇట్లా నడుస్తుండగా వేలూరు నుంచి సురేఖ వచ్చింది. కన్నప్ప అక్క కూతురు. నర్సు చదువు చదివే అమ్మాయిల ప్రైవేటు హాస్టల్లో ఆయా పని చేస్తుంది.

"మామా, మా హాస్టల్ వంటింట్లో ఒక మనిషి కావాలంట. ఉండేదానికి చోటిస్తారు. వంటోళ్ళు ఇంకా నలుగురైదుగురు ఉండారు. నువ్వొచ్చేయ్ మామా, ఈడ ఒక్కడివే ఏం చేస్తావు?"

జీతం ఎంతని అడగలేదు కన్నప్ప. "అన్నానికి అందరూ ఒకేసారి కూచ్చుంటారా?" అని అడిగాడు.

"ఆమా మామా. పిల్లోళ్ళు తినేసినాక అందరం వరసగా కూచ్చుంటాం. ఒకటే వాగుడు. ఆ నోళ్ళు మూయించలేక మా వార్డెన్ చెవులు మూసుకుంటాది."

కన్నప్ప మళ్ళీ కొబ్బరి కోరడానికి కూర్చున్నాడు. కోరుతూ కోరుతూ చిప్ప గీకేశాడు. ఆ పూట చట్నీలో పీచు వచ్చిందని తిన్నవాళ్ళందరూ నన్ను తిట్టారు.

అయితే అమ్మాయిల హాస్టల్ కదా, ఈ మనిషి మీద కేసులేమీ లేవని పోలీసుల సర్టిఫికెట్ కావాలన్నారు. అది విని కన్నప్ప పెద్దగా నవ్వాడు.

"పోలీసోళ్ళ కాడ నాకంటే మంచి పేరు ఎవురికుండాదక్కా?"

నేను కూడా నిజమే కదా అనుకున్నాను. చూడండి మా తెలివి.

టీ గ్లాసులతో పాటు ఆధార్ కార్డు కూడా పట్టుకుని స్టేషన్‌కి పోయాడు. లోగనాథన్ సంతోషంగానే కంప్యూటర్లో పేరు కొట్టాడు. కొట్టి తెర వైపే చూస్తూ ఉండిపోయాడు. టీ మీద మీగడ కట్టింది.

"ఏం సార్, పేరు తప్పు పడిందా?"

"లేదప్పా. పేరు సరిగానే ఉండాది. కేసులన్నీ కూడా సరిగానే ఉండాయి."

"అవి మనం రాసుకున్నవే గదా సార్?"

"మనకు తెలుసప్పా. దానికి తెలీదే."

వెనకటి రోజుల్లో అయితే కట్ట కట్టి అటక మీద పడేసేవాళ్ళు, ఎవరూ చూసేవాళ్ళు కాదు. ఇప్పుడు ఇక్కడ ఎక్కించింది పైన కూడా కనిపిస్తుందట. తుడిచేయడం లోగనాథన్ చేతిలో లేదు. ఉన్నది ఉన్నట్టుగా వేలూరు హాస్టల్‌కు జవాబు పోయింది.

విషయం తెలిసి నేను కొట్టు వదిలేసి రోడ్డు దాటి పోయాను.

"ఏం సార్, మీ లెక్క నిండేదానికి ఆయన బతుకే దొరికిందా మీకు? పిలిస్తే వస్తాడని మెత్తగా దొరికినాడా?"

లోగనాథన్ తలెత్తాడు. "నేను వేలూరికి పోతానమ్మా. ఆ వార్డెనమ్మకు నా నోటితోనే నిజం చెప్తా."

"పైవాళ్ళకు తెలిస్తే?"

"తెలిస్తే ఉద్యోగం పోతాది. ఏం జేసేది, చేసినాను గదా."

ఆ నెల క్రైమ్ మీటింగ్‌కు ఫైళ్ళు మోసుకుని లోగనాథన్ కూడా వేలూరు పోయాడు. ఇన్‌స్పెక్టర్ లోపల కూర్చున్నాక మెల్లిగా బయటపడి హాస్టల్‌కు వచ్చాడు. కన్నప్ప అప్పటికే బస్సులో వెళ్ళి గేటు దగ్గర కాచుకుని ఉన్నాడు. అక్కడ జరిగింది నాకు సురేఖ చెప్పింది. ఆ పిల్ల తలుపు దగ్గరే నిలబడి ఉందట.

వార్డెన్ పేరు సుగంతి. కోపిష్టి ఏమీ కాదు. కుర్చీలు చూపించి కూర్చోమంది. పోలీసుల జవాబు ఆమె ముందు బల్ల మీదే ఉంది.

"ఇంతమంది ఆడపిల్లలు ఉండే చోటు సార్ ఇది. నెలనెలా తాగి గలాటా చేసే మనిషిని ఎట్లా పెట్టుకోమంటారు?"

"ఈయన తాగడు మేడమ్," అన్నాడు లోగనాథన్.

"మరి ఈ కేసులు?"

"ఆ కేసులన్నీ..." లోగనాథన్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆ కేసులన్నీ మేమే మేడమ్..."

"మీరే అంటే? తాగని మనిషిని పట్టుకుని తాగినాడని రాసినారా?" ఆమె గొంతు మారింది. పెన్ను తీసింది. "మీ పేరేంది సార్? ఏ స్టేషన్ మీది?"

లోగనాథన్ నోరు తెరిచాడట. అంతలో కన్నప్ప కుర్చీలోంచి లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఒప్పుకుంటానమ్మా. తాగినాను. గలాటా చేసినాను. సారు మంచోడు, నామీద జాలిపడి అబద్ధం చెప్పేదానికి వచ్చినాడు."

వార్డెన్ పెన్ను కింద పెట్టేసింది. ఇంక ఆమె మాత్రం ఏం చేస్తుంది?

లోగనాథన్ అప్పుడన్నా 'కాదు' అని ఉండొచ్చు. అనలేదు. టోపీ వైపు చూస్తూ కూర్చున్నాడు. అది కూడా చెప్పాలి కదా.

బయటికి వచ్చాక సురేఖ ఏడుస్తూ కన్నప్పను పట్టుకుని ఊపేసింది. "మతి పోయిందా మామా నీకు? ఆయనే చెప్తా ఉంటే నడమన నువ్వెందుకు నోరు తెరిచినావు?"

"ఆయన పేరు రాసుకుంటా ఉండింది పాపా ఆయమ్మ. కూతురు ఇంకా చదవతా ఉండాది ఆయనకు."

"మరి నువ్వు?"

"అట్లా ఎవురన్నా గట్టిగా అడిగితే నాకు అదొక్కటే గదా చెప్పేదానికి వచ్చేది."

గేటుకు పోయే దారి వంటింటి పక్కనుంచే. వంటవాళ్ళు వరసగా కూర్చుని తింటున్నారు. ఎవరో ఏదో అన్నారు, అందరూ పగలబడి నవ్వుతున్నారు. గుమ్మం దగ్గర కన్నప్ప నిలబడిపోయాడు. ఒక ముసలావిడ చూసి, "రాప్పా, వచ్చి కూచో, సాపాటు తిని పో" అని జరిగి చోటిచ్చింది.

"తినే వచ్చినానమ్మా," అన్నాడు. పొద్దుటినుంచి ఏమీ తినలేదు ఆ మనిషి.

లోగనాథన్ మీటింగ్ దగ్గరికి పోయాడు. కన్నప్ప ఒక్కడే బస్సెక్కి వచ్చేశాడు. ఆ ఉద్యోగం నాలుగు రోజుల్లోనే వేరేవాళ్ళకు ఇచ్చేశారని సురేఖ ఫోన్ చేసింది.

ఆ తర్వాత లోగనాథన్ మా కొట్టు వైపు రావడం మానేశాడు. టీలు తీసుకుపోతే బల్ల దగ్గర ఉండేవాడు కాదు. ఉన్నా ఫోన్ చెవి దగ్గర పెట్టుకునేవాడు. కన్నప్ప గ్లాసు అక్కడ పెట్టి కాసేపు నిలబడి వచ్చేసేవాడు. తప్పు చేసినవాడు మొహం చాటేస్తే తప్పు చెయ్యనివాడికి శిక్ష పడింది.

నెలాఖరు వచ్చింది. కన్నప్ప ఎప్పటిలాగే తలంటుకుని వచ్చాడు. పిండి రుబ్బుతున్నాడే కానీ చూపంతా రోడ్డు అవతలే. స్టేషన్ ముందు ఆటో ఆగింది. బస్టాండు దగ్గర దొరికిన నిజమైన తాగుబోతులిద్దరిని ఎక్కించి లోగనాథన్ ఎక్కబోతున్నాడు. కన్నప్ప చెయ్యి కూడా కడుక్కోకుండా రోడ్డు దాటాడు. నేను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను.

"సార్, ఈ నెల నన్ను పిలవలేదే?"

"ఇంక పిలవను కన్నప్పా."

"పేర్లు సాలినాయా?"

"సాల్లేదు. ఇన్‌స్పెక్టర్ వేలూర్లో తిట్లు తింటాడు. తిననీ. నీ మీద ఇంకొకటి రాస్తే నాకు అన్నం దిగదప్పా."

"అయితే కేసు వద్దు సార్. ఊరికే వస్తా మీతో. వెనకాల యాడన్నా కూచ్చుంటా."

లోగనాథన్ అతని మొహం చూడలేదు. భుజం మీద చెయ్యి వేయబోయి, పిండి అంటుతుందనో ఏమో, వెనక్కి తీసుకున్నాడు.

"ఊరికే వచ్చే చోటు కాదప్పా అది," అన్నాడు. ఎక్కి కూర్చున్నాడు. ఆటో పోయింది.

కన్నప్ప తిరిగి వచ్చి మిగిలిన పిండి రుబ్బాడు. మధ్యాహ్నం గిన్నెలన్నీ బోర్లించాక నేను తాళం వేయబోతుంటే దగ్గరికి వచ్చాడు.

"అక్కా, సాయంత్రం పూట కూడా కొట్టు తెరిస్తే ఏమి?"

"సాయంత్రం ఎవురొస్తారప్పా ఈ వీధికి?"

"ఎవురూ రాకపోయినా పరవాలేదు. నేను కూచ్చుంటా."

ఇంకో తాళంచెవి చేయించి ఇచ్చాను. ఇప్పుడు సాయంత్రాలు మా కొట్టు తెరిచే ఉంటుంది. బల్ల తుడిచి, లైటు వేసి, కన్నప్ప లోపల కూర్చుని ఉంటాడు. పొయ్యి వెలిగించడు. దారినపోయేవాళ్ళు ఎవరైనా టీ ఉందా అని అడిగితే లేదంటాడు. లేదని చెప్పి, కాసేపు కూర్చుని పొమ్మంటాడు.