అష్టమినాటి తిండిపోతు

నవరాత్రుల అష్టమి పొద్దున మా వైశాలి అపార్టుమెంటులో లిఫ్టు తలుపు తెరుచుకోగానే నేతిలో వేగుతున్న రవ్వ వాసన గుప్పున తగులుతుంది. ఏ అంతస్తులో వేయిస్తున్నారో చెప్పలేం. ఆ పూట కింద నుంచి పైదాకా ప్రతి ఇంట్లోనూ అదే పని, రవ్వ హల్వా, పూరీలు, నల్ల శనగలు. యాభై దాటినదాన్ని, డాక్టరు నెయ్యి తగ్గించమని చెప్పి రెండేళ్ళయింది, అయినా ఆ వాసన తగిలిందంటే నా వయసు ఎనిమిదికి పడిపోతుంది, కడుపులో ఎక్కడలేని ఆకలీ లేస్తుంది, ఈ ఢిల్లీలో నన్ను నాలుగు భాషల్లో తిండిపోతు అని పిలిచినవాళ్ళంతా వరసగా గుర్తుకొస్తారు.

నాన్నది కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తా ఉద్యోగం. దక్షిణ ఢిల్లీలో పసుపు రంగు వెలిసిపోయిన క్వార్టర్లలో మాది మొదటి అంతస్తు. ఎదురింట్లో పంజాబీ ఆంటీ, పైన అందరూ దిదా అని పిలిచే బెంగాలీ బామ్మ, కింద తమిళ మామి. నాలుగు ఇళ్ళకీ ఒకటే మెట్లదారి కావడంతో నాలుగు వంటిళ్ళ వాసనలూ ఆ మెట్ల మీదే కలుసుకునేవి. చలికాలం పొద్దున్నే ఆంటీ ఇంట్లో మొక్కజొన్న రొట్టె మీద తెల్లటి వెన్న కరిగి ఆవాకు కూరలోకి జారుతుండేది, వాన పట్టిన రోజు దిదా కిచిడీలోకి వంకాయ చక్రాలు వేయించేది, లూ అనే వడగాలి కిటికీలకి కట్టిన వట్టివేళ్ళ తడకల్ని కూడా ఎండబెట్టే మే నెలలో మామి చల్లటి పెరుగన్నం కలిపి అరచేతిలో ముద్ద పెట్టి, బొటనవేలితో గుంట చేసి అందులో ఊరిన మావిడిపిందె పులుసు పోసేది. వాసన రాగానే నేను హాజరు.

అందుకే నాకన్ని పేర్లు. "ఆ గయీ మేరీ భుక్కడ్!" అని ఆంటీ గుమ్మంలోనే అరిచేది, నా తిండిపోతు వచ్చేసిందని. దిదా నన్ను పేటుక్ అనేది. పేటుక్ అనిపించుకోవడం మర్యాదే గాని, పక్కవాళ్ళ పళ్ళెంలోకి ఆశగా చూసే హ్యాంగ్లా మాత్రం కాకూడదని వేలు చూపించి మరీ చెప్పేది. మామి సాప్పాట్టు రామన్ అనేది, ఆడపిల్లనైనా సరే. ఇంట్లో సరేసరి. నాన్న "తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజు" అని నవ్వేవాడు. అమ్మకైతే తినడానికి బోలెడు మాటలు. పని తెమలని పొద్దున "త్వరగా మెక్కు", కోపం వస్తే "మింగు", ఆవకాయ డబ్బా చుట్టూ తిరుగుతుంటే "బొక్కింది చాల్లే", ముద్దొచ్చినప్పుడు మాత్రం "బొజ్జ నిండిందా నా తిండిపోతుకి". ఆ మాట విన్న పూట ఇంకో ముద్ద ఎక్కువ తినేదాన్ని.

అమ్మది తెనాలి పక్క పల్లె. హిందీ అంతగా రాదు, కూరగాయల బండివాడితో వేళ్ళు చూపించి మాట్లాడేది. కొత్త ఊళ్ళో, పరాయి భాషలో, ఆమె పరువంతా రెండు విషయాల మీద నిలబడి ఉండేది. మా పిల్ల ఇంట్లో కడుపునిండా తింటుంది, మా పిల్ల పళ్ళెంలో మెతుకు వదలదు. వదిలితే అన్నపూర్ణ అలుగుతుందని ఉగ్గుపాలతోనే నేర్పింది. మా ఊరివైపు పెట్టినదంతా తినడమే పెట్టినవాళ్ళకిచ్చే గౌరవం.

ఢిల్లీలో అష్టమి ఆచారం మాకు కొత్త. చిన్న ఆడపిల్లల్ని అమ్మవారి రూపాలుగా ఇంటింటికీ పిలిచి, కాళ్ళు కడిగి, నుదుట బొట్టుపెట్టి, మణికట్టుకి ఎర్రదారం కట్టి, పూరీ హల్వా పెట్టి, గాజులో రిబ్బన్లో ఇచ్చి పంపుతారు. పిల్లల్ని కంజక్‌లు అంటారు. పెద్దావిడ చిన్నపిల్ల కాళ్ళు పట్టుకుంటే పిల్లకి ఆయుష్షు తగ్గుతుందేమోనని అమ్మ మొదట బెదిరింది. తరవాత అందరూ చెప్పారు గదా అని, నా ఎనిమిదో ఏట చైత్ర నవరాత్రుల్లో, పరికిణీ కట్టి పిల్లల గుంపుతో పంపింది. తక్కిన పిల్లలంతా చేతిలో పన్నీ, అంటే ప్లాస్టిక్ సంచి, పట్టుకొచ్చారు. ప్రతి ఇంట్లోనూ ఒక్క ముక్క కొరికి మిగతాది సంచిలో వేసుకున్నారు. నాకు సంచీ లేదు, తీసుకెళ్ళాలని ఎవరూ చెప్పలేదు. వాళ్ళ పళ్ళేలు చూసి నాకు భయం వేసింది, వీళ్ళకి అన్నపూర్ణ భయం లేదా అని. మొదటిది ఎదురింటి ఆంటీ ఇల్లు. పళ్ళెం నాకినట్టు తిన్నాను. రెండో ఇంట్లో, మూడో ఇంట్లో, నాలుగో ఇంట్లో కూడా అంతే. ఐదో ఇంటికొచ్చేసరికి ఒక్కో పూరీ గొంతులోకి బలవంతంగా నెట్టాల్సి వచ్చింది. ఆరో ఇల్లు వెనక వరసలోది. అక్కడికి చుట్టపుచూపుగా వచ్చిన ఒకావిడ నా పళ్ళెం వంక చూసి "ఇసే ఘర్ మే ఖానా నహీఁ మిల్తా క్యా?" అంది. ఇంట్లో తిండి పెట్టరా అని. అందరూ నవ్వారు. నేను లేచి నిలబడ్డాను, నిలబడ్డ చోటే తిన్నదంతా కక్కేశాను.

కబురు నాకంటే ముందే ఇంటికి చేరింది, ఆవిడ అన్న మాటతో సహా.

"ఏందే ఆ తిండి? కడుపా అది, ఊరచెరువా? మేం పెట్టట్లేదనుకోరూ?" అని అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. "చాలినంత తిని వదిలెయ్యొచ్చుగా!"

"నువ్వే కదమ్మా వదలకూడదన్నావు," అన్నాను.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. సాయంత్రం బయటికొచ్చి, ఇకమీదట ఎవరింట్లోనూ నోట్లో ఏదీ పెట్టకూడదని ఒట్టు వేయించుకుంది.

ఒట్టు నిలబెట్టుకున్నాను. మెట్లు ఎక్కేటప్పుడు ముక్కు మూసుకునేదాన్ని. ఆంటీ పిలిస్తే "పేట్ భరా హై", కడుపు నిండిందని అనేదాన్ని, మామి ముద్ద కలిపితే చేతులు వెనక్కి దాచుకునేదాన్ని. అమ్మ అడగని ఇంకో ఒట్టు కూడా నాకు నేనే వేసుకున్నాను, ఇంట్లో కూడా రెండోసారి వడ్డించుకోకూడదని. నాకేదో జబ్బుందని, అది బయటపడితే అమ్మ మళ్ళీ ఏడుస్తుందని అనుకునేదాన్ని. ఎండాకాలం పోయింది, వానలు పోయాయి, పరికిణీ నడుం దగ్గర వదులైంది. అమ్మ కంచంలో ముద్దపప్పు, నెయ్యి వేసి ఎదురుగా కూర్చుని చూసేది. నేను నాలుగు ముద్దలు తిని లేచిపోయేదాన్ని. తిండిపోతు అన్న మాట ఆమె నోట మళ్ళీ రాలేదు. ఆ మాట కోసం ఎంత ఎదురుచూశానో నాకే తెలుసు.

శరన్నవరాత్రుల అష్టమి వచ్చింది. పిల్లల గుంపు మెట్లు దిగుతుంటే నేను తలుపు వెనక నక్కాను. తడిచేతులతోనే ఎదురింటి ఆంటీ వచ్చింది.

"వో నై ఆతీ జీ. వో బహుత్ ఖాతీ," అంది అమ్మ, తలొంచుకుని, వచ్చీరాని హిందీలో. అది రాదండీ, ఎక్కువ తింటుంది అని.

"అరే బహన్‌జీ, ఖాతీ హై, ఇసీలియే తో లేనే ఆయీ హూఁ!"

తింటుంది కాబట్టే తీసుకెళ్ళడానికొచ్చానంది ఆవిడ. తక్కినవాళ్ళంతా సంచుల్లో కట్టుకుపోతారట, సాయంత్రానికి ఆ మూటలు వీధి ఆవుల ముందు పడతాయట. ఎనిమిది రోజులు ఉపవాసం ఉండి చీకటితో లేచి చేసిన హల్వాని తన కళ్ళెదుట కూర్చుని తినే అమ్మవారు ఈ పిల్ల ఒక్కతేనట. మొన్న చైత్రంలో నా ఖాళీ పళ్ళెం చూశాకే తన పూజ అందిందని నమ్మి ఉపవాసం విడిచిందట. ఇన్నాళ్ళూ గుమ్మంలో భుక్కడ్ లేక ఇల్లు బోసిపోయిందని ఆవిడ చెబుతుంటే, అమ్మకి ఎంత హిందీ అర్థమైందో గాని, కళ్ళు మాత్రం నిండాయి. తలుపు వెనక నుంచి నన్ను బయటికి లాగి, తనే చెయ్యి పట్టుకుని ఆ నాలుగడుగులూ నడిపించుకెళ్ళింది.

ఆంటీ నా కాళ్ళు కడిగింది. అమ్మ నా పక్కనే నేల మీద చతికిలబడింది. పూరీ చేతిలోకి తీసుకుని అమ్మ మొహం వంక చూశాను.

"తినవే," అంది అమ్మ. "నువ్వు తింటుంటే చూసి ఎన్నాళ్ళయిందే, నా తిండిపోతూ!"

నేను ఏడుస్తూనే తిన్నాను. ఏడుపు వల్ల హల్వా రుచి ఏమీ తగ్గలేదు, ఇంకోసారి వేయించుకున్నాను. మిగతా ఇళ్ళకి అమ్మ నాకు సంచి ఇచ్చి పంపింది. ఆ విజయదశమికి మా ఇంటి పులిహోర మూడు గుమ్మాలకీ వెళ్ళింది.

ఆకలంటే సిగ్గుపడనవసరం లేదని నాకు నేర్పినవాళ్ళు వాళ్ళే. ఎంత కృతజ్ఞత ఉన్నా చెప్పుకోవడానికి ఇప్పుడు దిదా లేదు, ఆంటీ లేదు, మామివాళ్ళు తిరుచ్చి వెళ్ళిపోయి ఏళ్ళయింది. క్వార్టర్లు కూల్చి టవర్లు కట్టారు. మా అమ్మాయి తన స్నేహితులందరినీ "ఫుడీ" అంటుంది. అది ఎవరికి వాళ్ళు పెట్టుకునే బిరుదు, పెట్టే చెయ్యి దాంట్లో ఎక్కడా కనిపించదు.

ఈసారి అష్టమికి మా ఇంటికి ఐదుగురు పిల్లలొచ్చారు, అది కూడా సొసైటీ వాట్సాప్ గ్రూపులో అడిగితే. ఎనభైకి దగ్గరపడ్డ అమ్మ కుర్చీలో కూర్చుని చూస్తోంది. కాళ్ళు కడిగానో లేదో నలుగురు "ఆంటీ, ప్యాక్ కర్ దో" అంటూ డబ్బాల మూతలు తీశారు. ఐదో పాప, ఏడో అంతస్తులోకి కొత్తగా వచ్చిన ఒడియావాళ్ళ పిల్ల, డబ్బా తేలేదు. బాసింపట్టు వేసుకుని తినడం మొదలుపెట్టింది. పూరీలయ్యాయి, శనగలయ్యాయి. "కిత్నా ఖాతీ హై!" అని ఒక పిల్ల కిసుక్కుమంది, ఎంత తింటోందో అని. ఐదో పాప చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది.

"హల్వా ఇంకాస్త వెయ్యవే దానికి," అంది అమ్మ కుర్చీలోంచి, గట్టిగా.

గరిటెతో వంగి ఆ పిల్ల ఎదుట కూర్చున్నాను. నాలుగు భాషల మాటలూ నోటిదాకా వచ్చాయి, ఎదురింటి ఆంటీ మాటే ముందు బయటపడింది.

"ఖా, మేరీ భుక్కడ్, ఖా."

అది తిట్టేమోనని ఆ పిల్ల నా మొహం వంక ఒక్క క్షణం చూసింది. చూసి, పళ్ళెం నా గరిటె కిందికి జరిపింది.