క్వారీ దుమ్ము, పెళ్లి భోజనం

అరకు దగ్గర ఒక నల్లరాయి క్వారీలో నేను కొన్నాళ్లు పర్యావరణ సూపర్‌వైజరుగా పనిచేశాను. హోదా పేరు పొడుగే కానీ పని ఒక్కటే: దుమ్ము లేవకుండా చూడటం. రాళ్లను కంకరగా నలిపే క్రషర్ చుట్టూ రేకులు కట్టించాలి, లారీలు తిరిగే మట్టిరోడ్డును పొద్దునా సాయంత్రం తడిపించాలి. రేకుల సంగతి ఎత్తినప్పుడల్లా విశాఖలో ఉండే యజమాని "వచ్చే వారం చూద్దాం" అనేవాడు. ఆ వారం ఎప్పటికీ రాలేదు. దాంతో నాకు మిగిలింది ఒక నీళ్ల ట్యాంకరూ, దాని డ్రైవరూ.

క్వారీకి దిగువన ఒక గిరిజన గ్రామం ఉంది. వాళ్ల కాఫీ మొక్కలు, ఆరబోసుకున్న చోళ్లు అనే రాగులు, ఇళ్ల కప్పులు, అన్నీ ఒకే బూడిదరంగులో ఉండేవి. ఎర్రకోడి ఏదో నల్లకోడి ఏదో వాన పడితే గాని తెలిసేది కాదు. ఒకప్పుడు వార్డు మెంబరుగా చేసిన పెద్దావిడ ఒకామె, ఊరి తరఫున కాలుష్య నియంత్రణ ఆఫీసుకు అర్జీ పెట్టింది. తనిఖీకి వస్తామని ఆఫీసు నుంచి మాకు కబురందింది.

నాకు అర్థంకాని విషయం ఒకటుండేది. ట్యాంకరు రోజూ నిండుగానే బయల్దేరేది, రోడ్డు మాత్రం ఎండిపోయే ఉండేది. ఒకరోజు బండి మీద దాని వెనకే వెళ్లాను. ఊరి మలుపు దగ్గర ఆడవాళ్లు బిందెలతో వరసగా నిలబడి ఉన్నారు. డ్రైవరు నన్ను అద్దంలో చూసి కూడా, బస్సు స్టాపులో ఆపినంత సహజంగా బండి ఆపాడు. వరసలో మొదటి బిందె ఆ పెద్దావిడదే.

"దుమ్ము లేస్తోందని అర్జీ పెట్టింది మీరే, దుమ్ము మీద చల్లే నీళ్లు పట్టుకుంటోందీ మీరేనా అమ్మా?" అన్నాను.

ఆమె నిండిన బిందెను పక్కకు జరిపింది. "దుమ్ము మీరు లేపినారు, అర్జీ ఎట్టినాను. మీ పేలుళ్లకి మా ఊట బురదైపోనాది, నీల్లు పట్టుకుంతన్నాను. ఇందులో తప్పేటి బాబూ?"

చివరికి బరువుగా ఉందంటే ఆ బిందె ఆమె తలకెత్తింది కూడా నేనే.

ఇంతలో తనిఖీ రోజు వచ్చింది. ఆ రోజే ఊళ్లో పెళ్లి. రోడ్డు ఇవాళైనా తడవాలని పొద్దున్నే డ్రైవరుకు గట్టిగా చెప్పాను. అతను అంతకంటే గట్టిగా తలూపాడు. తీరా వెళ్లి చూస్తే ట్యాంకరు పెళ్లిపందిరి పక్కన నిలబడి ఉంది. అద్దానికి మామిడాకులు కట్టారు. లోపల చుక్క నీరు లేదు. డ్రైవరు వంటల దగ్గర గరిట పట్టుకుని కనిపించాడు.

నేను నెత్తి పట్టుకుని కూర్చుంటే పెద్దావిడ నా చేతిలో అంబలి గిన్నె పెట్టింది. ఆఫీసరు వచ్చేస్తున్నారని మొరపెట్టుకున్నాను. వస్తే ఆఫీసరుకు కూడా అన్నం పెడతామనీ, పెళ్లికి ఎవరొచ్చినా ఆనందమేననీ ఆమె జవాబు.

అన్నట్టే అయింది. ఆఫీసరు ఒక యువతి. ముఖానికి చున్నీ చుట్టుకుని జీపు దిగేసరికి పెళ్లివాళ్లు డప్పులతో ఎదురెళ్లి పందిట్లోకి తీసుకొచ్చేశారు. తనిఖీకి వచ్చానని ఆమె చెబుతూనే ఉంది, డప్పుల మోతలో ఎవరికీ వినపడలేదు. ఆమెనూ నన్నూ పక్కపక్కన కూర్చోబెట్టి అడ్డాకుల విస్తళ్లలో అన్నం, కోడికూర వడ్డించారు.

రెండు ముద్దలు తిన్నామో లేదో, మలుపు దగ్గర లారీ గేరు మార్చిన చప్పుడైంది. పందిట్లో చిన్నా పెద్దా అందరూ, మాటలు ఆపకుండానే, పక్కనున్న ఇంకో ఆకు తీసి విస్తరి మీద బోర్లించారు. పెళ్లికొడుకు తనదీ పెళ్లికూతురిదీ రెండూ మూశాడు. ఆకు మూయనిది ఆఫీసరూ నేనూ మాత్రమే. లారీ వెళ్లిపోయింది. దుమ్ము మెల్లగా వచ్చి మా ఇద్దరి కూర మీద, పొడి చల్లినట్టు పరుచుకుంది.

ఆఫీసరు విస్తరిని చూసింది, చుట్టూ జనాన్ని చూసింది, చివరికి నన్ను చూసింది. "వీళ్లు రోజూ ఇలాగే తింటారా?" అని మెల్లగా అడిగింది.

పెద్దావిడ మా విస్తళ్లు తీసేసి కొత్తవి వేస్తూ, "అలవాటైపోనాదమ్మా. మొన్న టౌనుకెల్లి హోటల్లో తింతా కూడా, లారీ కూతకి పల్లెం మీద సెయ్యడ్డెట్టీసినాను" అంది. అందరూ నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వింది కానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

భోజనం పూర్తిచేసి ఆమె నేరుగా క్రషర్ దగ్గరికి నడిచింది. నేను ఏదీ దాచలేదు, దాచడానికి ఏమీ లేదు కూడా. రేకులు కట్టేదాకా క్రషర్ తిప్పకూడదనీ, ఊరికి క్వారీ ఖర్చుతో బోరు వేయించాలనీ, రాళ్ల లారీలకు టార్పాలిన్ పట్టా కప్పాలనీ ఆదేశాలొచ్చాయి. యజమాని ఫోనులో చాలాసేపు అరిచాడు. నేను ఫోను కాస్త దూరంగా పెట్టుకుని విన్నాను. ఎన్నాళ్లుగానో రాని ఆ "వచ్చే వారం" మాత్రం నాలుగు రోజుల్లోనే లారీలో రేకులతో సహా దిగింది.

బోరులో నీళ్లు పడ్డాయి. ట్యాంకరు నీళ్లు రోడ్డు మీదే పడసాగాయి. మలుపు దగ్గర ఎవరూ ఆపకపోయేసరికి డ్రైవరు కొన్నాళ్లు దిగులుగా తిరిగాడు.

వేసవి మొదట్లో ఓ రాత్రి మంచి వాన కురిసింది. కొన్నాళ్ల తర్వాత ఒక పొద్దున ఊరివైపు చూస్తే, కాఫీ తోటంతా తెల్లగా ఉంది. రేకులు ఊడి మళ్లీ దుమ్ము పట్టిందనుకుని క్రషర్ ఆపమని ఫోను చేసి, బండి వేసుకుని కిందికి పరుగెత్తాను. తోటలో పెద్దావిడ ఒక కొమ్మ పట్టుకుని నిలబడి ఉంది. నేను రొప్పుతూ ఒక ఆకును వేలితో తుడిచి చూశాను. ఆకు పచ్చగా, శుభ్రంగా ఉంది. తెల్లగా ఉన్నవి పూలు. మైదానంలో పుట్టి పెరిగినవాణ్ని, కాఫీ పూత చూడటం అదే మొదలు. తోటంతా మల్లెపూల లాంటి వాసన.

"ఏటి సేత్తన్నావు బాబూ, పువ్వుల్ని తుడుత్తన్నావా?" అంది ఆమె.

నేను ఫోను తీసి, క్రషర్ మళ్లీ తిప్పుకోమని చెప్పాను. ఎందుకు ఆపమన్నారో చెప్పమని అవతలివాళ్లు పట్టుబట్టారు. సిగ్నల్ సరిగా లేదన్నాను.