మైకాయన సలహా

దేశమంతటికీ చట్టాలు చేసే సభలో మాట్లాడేది సభ్యులే అయినా, ఆ మాట నలుగురికీ వినపడాలంటే మైకాయన దయ ఉండాల్సిందే. సభకు పైన అద్దాల గదిలో కూర్చుని, ఎవరు లేస్తే వాళ్ల మైకు వెయ్యడం, గొంతును బట్టి నాబ్ తిప్పడం ఆయన పని. పీలగొంతు మంత్రిగారిని సైతం పులిలా గర్జింపజేసిన ఘనుడు!

అలాంటి సభకు మొట్టమొదటిసారి ఒక ఆడమనిషి గెలిచి వచ్చింది. కాన్పుల ఆసుపత్రిలో నర్సుగా చేసినావిడ. మిల్లుల్లో పనిచేసే బాలింతలకు జీతంతో సెలవు కావాలని అడగడానికి లేచింది. నోరు తెరిచిందో లేదో, మైకు కీచుమంది. సభంతా గొల్లున నవ్వింది. నాబ్ కాస్త తిప్పితే సరిపోయేది. మైకాయన చెయ్యి దానిమీదే ఉంది. తిప్పలేదు. కాసేపు తమాషా చూద్దామనుకుని, అందరితో పాటు తనూ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆవిడ మాట సగంలోనే ఆపి కూర్చుండిపోయింది.

ఇంటికి వెళ్లి ఆ కీచుగొంతు అనుకరించి మరీ చూపించాడు. భార్య నవ్వలేదు.

"ఆవిడ గొంతా? మన పెద్దది కడుపులో అడ్డం తిరిగినప్పుడు నా చెయ్యి పట్టుకుని పాట పాడుతూ కూర్చుంది ఆవిడేనండీ. ఆ గొంతు వింటూనే ప్రాణం నిలబెట్టుకున్నాను. మీ మైకుకేం రోగం?"

మైకాయనకు తల కొట్టేసినట్టయింది. రేపు వెళ్లి తప్పు నాదేనని చెప్పేస్తానన్నాడు.

చెప్పేవాడే. కానీ మర్నాడు ఆవిడే ముందుగా మెట్లెక్కి వచ్చింది.

"అన్నయ్యా, నా పాడు గొంతు నిన్న మిమ్మల్ని కూడా ఇబ్బంది పెట్టింది. ఎలా మాట్లాడితే బాగుంటుందో కాస్త చెబుదురూ?"

ఇంతకంటే మంచి అవకాశం దేవుడు కూడా ఇవ్వడు. ఈయనేం చేశాడు? పరువు పోతుందని భయపడ్డాడు. "గొంతు తగ్గించి, కొంచెం బొంగురుగా మాట్లాడండమ్మా" అన్నాడు. ఛీ! అంటూనే తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆనాటి నుంచి నాబ్ సరిగ్గానే పెట్టాడు. ఏం లాభం? ఆవిడ మాత్రం ఈయన చెప్పినట్టే గొంతు నొక్కిపెట్టి, బలవంతంగా లావు చేసుకుని మాట్లాడింది. పోట్లాడి పోట్లాడి ఆ సెలవు చట్టం సాధించింది. ఏళ్లు గడిచేకొద్దీ గొంతు నిజంగానే బొంగురుపోయింది. మైకాయన రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే ఉన్నాడు. ఎదురుపడితే సిగ్గుతో తల దించుకుని పక్క వరండాలోంచి జారుకునేవాడు.

చివరికి ఆయన పదవీ విరమణ రోజు వచ్చింది. వీడ్కోలు సభలో ఆవిడ మైకు ముందు నిలబడింది.

"నాకిక్కడ మాట్లాడ్డం నేర్పింది ఈ అన్నయ్యే. మనవరాలు పాట పాడమంటే మాత్రం నా వల్ల కావట్లేదు. పోనీలెండి, వయసు మీద పడిందిగా!" అని నవ్వింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మైకాయనకు కాళ్ల కింద నేల చీలిపోతే బాగుండుననిపించింది. ఆ తర్వాత మైకు ఆయన చేతికొచ్చింది. ముందు వరుసలోంచి భార్య ఆయన వైపే చూస్తోంది.

"అందరికీ ధన్యవాదాలు" అని చెప్పి కూర్చున్నాడు.

ఇద్దరూ ఇంటికి వచ్చారు. భార్య గుమ్మం దగ్గర ఆగింది.

"ఆవిడ మాట్లాడుతుంటే కళ్లు మూసుకుని విన్నానండీ," అంది. "ఆ గొంతు ఎవరిదో పోల్చుకోలేకపోయాను."