రెండు చేతుల కొలత

మా పిన్ని దర్జీ. చొక్కా కుట్టించుకోవడానికి ఎవరొచ్చినా రెండు చేతులూ కొలుస్తుంది. ఒకటి చాలదా అని విసుక్కుంటే, "ఏ మనిషికీ రెండు చేతులూ ఒక్కలా ఉండవండీ" అంటుంది.

పెళ్లయి ఎనిమిదేళ్లయినా ఆమెకు పిల్లలు కలగలేదు. చేయించుకోని పరీక్ష లేదు, మింగని మందు లేదు. కొత్త డాక్టరమ్మ దగ్గరికి వెళ్లే ముందు పాత రిపోర్టులన్నీ గుడ్డ కత్తిరించే బల్ల మీద పరిచి, తేదీల వారీగా సర్దిపెట్టమని నన్ను పిలిచింది. సర్దుతుంటే ప్రతి కాగితం మీదా పిన్ని పేరే కనిపించింది.

"బాబాయివి ఏవి పిన్నీ?" అన్నాను మెల్లగా.

పిన్ని కాగితాలన్నీ తిరగేసి చూసి పకపకా నవ్వింది. "నా మతి మండ! ఊరందరికీ రెండు చేతులూ కొలిచి, నా ఇంట్లో ఎనిమిదేళ్లుగా ఒక్క చెయ్యే కొలుస్తున్నానే!"

"మావాడికేం, దుక్కలా ఉన్నాడు!" అంది వంటింట్లోంచి వాళ్ల అత్తగారు.

"దుక్కలా ఉంటే పరీక్షకి భయమెందుకత్తయ్యా?"

"సూది గుచ్చుతారా?" అన్నాడు బాబాయి గుమ్మంలోంచి.

"నాకెన్నిసార్లు గుచ్చారో చెప్పనా?"

బాబాయి చెప్పులేసుకున్నాడు.

పరీక్షలో లోపం ఆయనలోనే ఉందని తేలింది. మందులతో చాలావరకు సరవుతుందని, ఆశ వదులుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది. ఆసుపత్రి మెట్ల దగ్గర బాబాయి తలెత్తలేకపోయాడు. "ఇన్నేళ్లూ నిన్నే..." అంటూ ఆగిపోయాడు.

"తేడా ఎక్కడుందో దొరికిందిగా! ఇక సరిచేసుకోవడమే" అంది పిన్ని. "ముందు ఆ మందుల చీటీ ఇటివ్వు."