ముప్పై ఎనిమిది సెకన్లు

సంతోష్‌నగర్‌లోని నా గదిలో కూర్చుని రాసే యాప్‌లకు సొంత సర్వరంటూ ఎప్పుడూ లేదు. లాగిన్లు, నోటిఫికేషన్లు, ఫైళ్లు దాచే చోటు, అన్నీ క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్నవే. ఛత్రినాకలో మంచినీళ్ల డబ్బాలు వేసే ప్లాంటుకూ అలాగే ఒకటి చేసిచ్చాను. టైపు చేయడం రానివాళ్లు బటన్ నొక్కి నోటితో చెబితే చాలు. ఆ మాటల్లో డబ్బాల సంఖ్య దొరక్కపోతే, "అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అని నేను రికార్డు చేసిపెట్టిన నా గొంతే పలికేది. పాత రికార్డింగులు ఎవరికి కావాలి? ముప్పై రోజులు దాటినవి వాటంతటవే చెరిగిపోయేలా రూలు పెట్టి చేతులు దులుపుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఒకరోజు పొద్దున్న ఒకావిడ ప్లాంటువాళ్లను అడిగి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఈమె ఆఫీసులో ఉన్నప్పుడు, ఇంట్లో ఒంటరిగా ఉన్న వాళ్లమ్మ మిట్టమధ్యాహ్నం గుండెపోటుతో పోయిందట.

"అన్నా, అమ్మ గొంతు ఇంకేడ లేదు. మీ యాప్‌ల ఉంటదన్నరు. నెలమాసికం అయ్యేదాంక ఏడికి పోవద్దన్నరు, గందుకే ఆలస్యమైంది. ఒక్కపారి ఇనిపియ్యన్నా."

నా రూలూ నెలే. ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే వాళ్లమ్మది ఒక్క రికార్డింగూ లేదు. ఎప్పుడు మాట్లాడింది, ఎంతసేపు, ఎన్ని డబ్బాలు అన్న వివరాలు మాత్రం మిగిలాయి. రెండు డబ్బాలు, నాలుగు సెకన్లు. ఏ రోజు చూసినా అంతే. అప్పుడప్పుడు ముందొక సున్నా పడ్డా, రెండోసారికి మళ్లీ రెండు డబ్బాలే. ఆమె చనిపోయిన రోజు మాత్రం మధ్యాహ్నం పన్నెండు దాటాక మూడుసార్లు బటన్ నొక్కింది. ముప్పై ఎనిమిది సెకన్లు. ఇరవై. ఆరు. డబ్బాలు మూడుసార్లూ సున్నా. అంటే మూడుసార్లూ నా గొంతు ఆమెను మళ్లీ చెప్పమంది.

"ఏమన్న ఉన్నదా అన్నా?"

ల్యాప్‌టాప్ మూసేశాను. "ఏమీ మిగల్లేదమ్మా," అన్నాను. పిరికితనమే, ఇంకో పేరు లేదు దానికి. ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా "మళ్లీ చెప్పు" అంటే నాకు చెమటలు పడతాయి.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది.

"పోనీలే అన్నా. అమ్మకు మీరంటె మస్తు ఇష్టముండె. గా పిలగాడు అందరి లెక్క ఇసుక్కోడు, సమజ్ గాకపోతె మల్ల చెప్పమని అడుగుతడు అనేది."